సయ్యదు అబ్దుల్ లతీఫ్ షుష్తరీ చరిత్రము

మర్రిగూడనుండి హైదరాబాదునకు బోవువారికి మీరాలము చెరువు, మీరాలము మండీ యను పేరులు పరిచితములే. ఆ మీర్ ఆలము నిజాముకడ దివానుగా నుండిన ప్రభువు. ఆయనకు జ్ఞాతియగు అబ్దుల్ లతీఫు పేరు మాత్రము మనలో పదుగురకైనను దెలియదు. ఈతడు యాత్రికుడు, గ్రంథకర్త. పారసీకము నేర్చినవారు మనలో దఱిగిపోవుటచే నీతని కీర్తియు మఱుగుపడినది. అందువలన నీ నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

ఈతడు 1758వ సంవత్సరమున ఇరానుదేశమందలి షుష్తరు నగరమున సయ్యదుల వంశమున జనించెను. ప్రపితామహుడు నిఅమతుల్లా జజాయిరీ షియామత శాస్త్రములందు బ్రసిద్ధుడు. అట్టి యింట బుట్టినవాడు పెద్దల గ్రంథములనే వల్లించుచు గౌరవముతో గాలము బుచ్చియుండవచ్చును. ఈతడట్లు చేయక 1788వ సంవత్సరమున నోడనెక్కి హిందూదేశమునకు వచ్చెను.

మచిలీపట్టణమున దిగినప్పుడు, గోచిమాత్రము దాల్చిన మనవారిని జూచి యాతడు విస్మయమొంది యేవగించుకొనెను. ఈ సంగతి మా మనస్సునకు నొప్పి గలిగించినది. ఆ తీరపు టెండనుగాని, ఆ జనుల పేదఱికమునుగాని యాతడు తలపోయలేదు. ఆంధ్రదేశమున బ్రహ్మసమాజమునకు నాయకుడైన రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు 1862లో బుట్టినదియు నా పట్టణముననే.

పిమ్మట గలకత్తా చేరి, మీర్ ఆలము ప్రాపున నచట నిజాము వకీలుగా నుండెను. ఆ నగరమే యాతనికి రెండవ పాఠశాల. కోపర్నికసు, న్యూటను మొదలగువారి ఖగోళ సిద్ధాంతములును, అమెరికా ఖండము కనుగొనబడిన విధమును, ఆంగ్లేయుల న్యాయస్థానముల పద్ధతియు, ఫ్రీమేసనుల సంఘ మర్యాదలును విచారించి తెలిసికొనెను. మతాచార్యుల యింట బుట్టి, భూమియే సూర్యుని జుట్టును దిరుగునను వాదమును పారసీకభాషలో స్వజనులకు వివరించుట సామాన్యమగు ధైర్యముగాదు. ఇందు మేమాతనిని మనసార గౌరవింతుము.

అయినను ఐరోపా స్త్రీలు ఘోషాలేక తిరుగుట యాతనికి రుచింపలేదు. హిందూదేశపు మహమ్మదీయులు హిందువుల యాచారములను గైకొనిరని నిందించెను. ఇరుగుపొరుగున బ్రదుకువారి యాచారములు గలియుట సహజము; దానినే దోషముగా నెంచుట మాకు సమ్మతము గాదు. ఆకాశమందలి గ్రహముల విషయమున విశాలమైన యాతని బుద్ధి వాకిటిముందటి మనుష్యుల విషయమున సంకుచితమయ్యెను. మనలోని విద్యావంతులలోను నీ లోపము లేదని చెప్పజాలము.

1800వ సంవత్సరమున మీర్ ఆలము పదభ్రష్టుడు గాగా, హైదరాబాదున నుండిన లతీఫునకును గృహనిర్బంధము తప్పలేదు. ఆ కష్టకాలముననే తుహ్ఫతుల్ ఆలము వ్రాసెను. తుహ్ఫ యనగా గానుక, ఆలము లోకము. బంధువు బిరుదము నందే యిమిడియున్నది. తన వంశచరిత్రము, షుష్తరు వృత్తాంతము, తాను జూచిన దేశముల విశేషములు నిందు గలవు. రెండుమూడేండ్లకే, 1803–04 ప్రాంతమున, రామమోహనరాయలు ముర్షిదాబాదున నేకేశ్వరవాదులకు గానుకయని తుహ్ఫతుల్ మువహ్హిదీను ప్రకటించెను. అదియు బారసీకమే. రాయలు కానుక పేర స్వజనుల యాచారములనే విమర్శకు బెట్టెను; లతీఫు మిక్కిలిగా బరులవానినే తూచెను.

1804లో మీర్ ఆలము దివానయ్యెను. ఆ మంచిదినములు లతీఫు చిరకాల మనుభవింపలేదు. 1806వ సంవత్సరము జనవరినెలలో హైదరాబాదుననే మృతినొందెను. ఆతని గ్రంథము 1847లో బొంబాయియందు శిలాముద్రణమున వెలువడినది.