పాట్రిక్ రస్సెల్ : విశాఖతీర మత్స్యనామములు

పాట్రిక్ రస్సెల్ పేరు మన దేశమున సర్పశాస్త్రము మూలమున ప్రసిద్ధము. రక్తపింజరి ఆంగ్లమున ఆయన పేరిటనే వ్యవహరింపబడుచున్నది. తెలుగుభాషకు ఆయన చేసిన ఉపకారము మాత్రము పాములకంటె చేపలయందే యెక్కువగా నున్నది.

ఆయన 1727లో ఎడింబరోలో జన్మించెను. వైద్యవిద్య ముగించి 1750లో సిరియాలోని అలెప్పో నగరమునకు, సవతియన్న అలెగ్జాండర్ కడకు చేరెను. అన్న వెడలిపోయిన పిదప అచ్చటి ఆంగ్లవర్తకులకు వైద్యుడయ్యెను. 1760-62 సంవత్సరములలో ఆ నగరమును ప్లేగు పీడింపగా రోగుల స్థితిగతులను శ్రద్ధతో గమనించెను. ఆ పరిశీలనలు 1791లో గ్రంథరూపము దాల్చినవి.

1781లో సోదరుడు క్లాడ్ రస్సెలునకు విశాఖపట్టణమున కంపెనీ ఉద్యోగము లభింపగా పాట్రిక్ ఆయన వెంట ఓడ యెక్కెను. 1785లో కోనిగ్ మరణించిన పిమ్మట ఆ స్థానమున కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియుక్తుడయ్యెను. 1789 జనవరిలో స్వదేశమునకు మరలెను. ఆ పదవి రాక్స్‌బరోకు దక్కెను. ఇన్నేండ్లలో ఆయన సేకరించిన చేపల వివరణములు 1803లో లండనున రెండు సంపుటములుగా వెలువడినవి. అందు రెండువందల చేపలు కలవు. బొమ్మలు దేశీయ చిత్రకారుని చేతివి.

ఆ కాలమున మత్స్యవర్గీకరణమునకు లిన్నేయస్ పద్ధతియే ప్రమాణము. ఉదరపక్షములు లేనివి, కంఠమున నున్నవి, ఱొమ్మున నున్నవి, పొట్టపై నున్నవి అని ఎముకచేపలను విభజింతురు. రస్సెల్ ఆ పద్ధతినే అనుసరించి ఱెక్కల ముండ్లు లెక్కించి వర్ణన వ్రాసెను. కాని చేపకు పేరు పెట్టవలసి వచ్చినపుడు క్రొత్త లాటినుపదము కల్పించుటకంటె జాలరుల నోటిమాటను ఆంగ్లలిపిలో నిలుపుటకే మొగ్గుచూపెను. పరభాషాదేశమున చిరకాలము వైద్యము చేసిన వానికి స్థానికనామము విలువ తెలిసియుండుట సహజమే.

ఈ పేళ్లు విడివిడి మాటలు కావు. వాని వెనుక జాలరుల వర్గీకరణ మొకటి కలదు. సొర, టెంకి, పార, కార, చందువ, బొంత అనునవి వంశనామములవంటివి. వానికి ముందు విశేషణము చేరి జాతిభేదమును తెలుపును: పాలసొర, నల్లచందువ, తెల్లచందువ. ఇది రూపసామ్యముపై నిలిచిన విభాగము. అందుచేత శాస్త్రముతో అన్నిచోట్ల పొసగదు. నేటి శాస్త్రము తెల్లచందువను ఒక కుటుంబమున నుంచి, నల్లచందువను పార చేపల కుటుంబమున చేర్చినది. ఐనను ముట్టినచో చేయి తిమ్మిరెక్కించు విద్యుత్తు టెంకికి తిమిరి యని పేరిడిన జాలరుల గమనిక సామాన్యమైనది కాదు. ఆ పదమే 1831లో గ్రే చేతులలో టెమెరా అను ప్రజాతినామ మయ్యెను.

ఆంగ్లలిపి తెచ్చిన చిక్కులు స్వల్పములు కావు. హ్రస్వదీర్ఘములు, దంత్యమూర్ధన్యములు అందు కలసిపోయినవి. చందువను సకారముతో వ్రాయుట కేవలము చెవిపొరపాటని త్రోసివేయరాదు. తీరవాసుల దంత్య చకారము ఆయన కట్లు వినబడి యుండవచ్చును. బ్రౌను నిఘంటువు 1852లో వెలువడినది. అంతకు అర్ధశతాబ్దమునకు పూర్వమే అచ్చైన తెలుగు జాలరుల పదజాలమని తలచినచో ఈ గ్రంథము విలువ బోధపడును.

రస్సెల్ 1805 జూలై 2న లండనులో మరణించెను. ద్విపదనామములు కల్పింపకపోవుటచే ఆ చేపల నామకర్తృత్వకీర్తి ఇతరులకు దక్కెను. కువియే 1816లో కనగుర్తను ఉన్నదున్నట్లు జాతినామముగా స్వీకరించెను. నేడు రాస్ట్రెల్లిగర్ కనగుర్త యనినచో ప్రపంచమందలి మత్స్యశాస్త్రజ్ఞులందఱును గ్రహింతురు. కీలీ, జెల్లో అను పేళ్లు 1829లోను, తోల్‌పార 1832లోను, కున్నెసి 1836లోను ఇట్లే లాటినువేషము ధరించినవి. వీనితో పోల్చిన బ్లాక్ పద్ధతి వేఱు. ఆయన 1790లో ఒక చేపకు సూరతు రేవుపేర సురాటెన్సిస్ అని నామకరణము చేసెను. కేరళీయులు కరిమీన్ అని ప్రీతితో తినునది అదియే. సూరతు పేరు ఆ చేపను గుర్తుపట్టుటకు కొంచెమును తోడ్పడదు.

అన్ని తెలుగుపేళ్లకును అదృష్టము పట్టలేదు. పులసను రస్సెల్ పలస యని వ్రాసెను. కువియే 1829లో దానిని జాతినామముగా గ్రహించినను, హామిల్టన్ 1822లోనే గంగానదీమత్స్యముల గ్రంథమున అదే చేపకు వంగపదమైన ఇలిష నిచ్చియుండెను. మొదటి నామమే నిలుచునను నియమముచే ఏడేండ్ల వ్యవధిలో గోదావరి మాట ఓడిపోయెను. పగడపుదిబ్బలయందును రాతినేలలయందును తిరుగు మఱియొక చేపను ఆయన అంతిక దూండియావ యని వ్రాసికొనెను. ఆంగ్లలిపి చాటున దాని తెలుగురూపమును నిర్ణయించుట నేడు సులభము కాదు. 1849లో బ్లీకర్ ఆ చేపకు గౌరవసూచకముగా రస్సెల్లి అని పేరిడెను. జాలరుల మాట తొలగి, దానిని వ్రాసిపెట్టినవాని పేరు అచ్చట నిలిచినది.