గరించా: ఒకే ట్రిక్, రెండు వరల్డ్ కప్‌లు



ఫుట్‌బాల్ అనగానే మీ పిల్లలు మెస్సీ, రొనాల్డో పేర్లు చెబుతారు. ఈ నెల వాళ్లకు గరించా కథ చెప్పండి.

అసలు పేరు మాన్యుయెల్ ఫ్రాన్సిస్కో దోస్ శాంటోస్. 1933లో బ్రెజిల్‌లోని పావ్ గ్రాండే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ఊరికి బట్టల మిల్లే ఆధారం. చిన్న వయసులోనే అతనూ అందులో పనికి చేరాడు. రెండు కాళ్లూ ఒకే వైపుకి వంగి ఉండేవి. ఒక కాలు రెండోదానికంటే పొట్టి. గరించా అనేది ఒక చిన్న పిట్ట పేరు. ఇంట్లో పెట్టిన ఆ ముద్దుపేరే లోకానికి తెలిసింది.

1953లో బొటాఫోగో క్లబ్ ట్రయల్స్‌కి వెళ్లాడు. బ్రెజిల్ పేరున్న డిఫెండర్ నిల్టన్ శాంటోస్‌నే డ్రిబ్లింగ్‌తో దాటేశాడు. అతన్ని వెంటనే తీసుకోమని క్లబ్‌కి చెప్పింది ఆ నిల్టనే!

అతని ట్రిక్ ఏమిటో తెలుసా? డిఫెండర్ ఎదుట బంతితో ఆగిపోయేవాడు. ఒళ్లు ఎడమకి వంచేవాడు. డిఫెండర్ అటు మొగ్గగానే కుడి పక్క నుంచి దూసుకుపోయేవాడు. దాదాపు ప్రతిసారీ అదే. కుడికే వెళ్తాడని అందరికీ తెలుసు. ఎప్పుడు కదులుతాడో మాత్రం తెలిసేది కాదు. మొదటి రెండడుగుల్లోనే అంత వేగం అందుకునేవాడు.

1958 వరల్డ్ కప్‌కి ముందు జట్టు సైకాలజిస్ట్ పెట్టిన టెస్టులో అతనికి తక్కువ మార్కులు వచ్చాయి. మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. మూడో మ్యాచ్‌లో సోవియట్ యూనియన్ మీద అతన్నీ, పీలేనీ దింపారు. బ్రెజిల్ 2-0తో గెలిచింది, తర్వాత కప్ కూడా గెలిచింది. 1962లో పీలే రెండో మ్యాచ్‌లోనే గాయపడితే భారమంతా గరించా మోశాడు. ఇంగ్లండ్ మీద రెండు, చిలీ మీద రెండు గోల్స్ కొట్టాడు. కప్ మళ్లీ బ్రెజిల్‌కే వచ్చింది. వీళ్లిద్దరూ కలిసి ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు.

తర్వాతి కథ పెద్ద పిల్లలకు దాచకుండా చెప్పండి. మోకాళ్లు దెబ్బతిన్నాయి, తాగుడు అలవాటు వదల్లేదు. 1983లో, 49 ఏళ్లకే చనిపోయాడు. అతన్ని చివరిసారి చూడటానికి జనం వేలల్లో వచ్చారు.

ఒక టెస్టు మార్కులు అతని ఆటను కొలవలేకపోయాయి. అంత గొప్ప ఆట కూడా అతని జీవితాన్ని కాపాడలేకపోయింది. మన పిల్లల విషయంలో ఈ రెండూ గుర్తుంచుకుందాం. ఈసారి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు, అందులో లేని ఏ పని మీ పిల్లలకు ఇష్టమో అడగండి. ఆ రోజు ఎలా గడిచిందో కూడా అడగండి.