జేమ్స్ ప్రెస్కాట్ జూల్

క్రిందికి దిగు బరువునుండి విద్యుత్తును పుట్టించి, దాని విలువను లెక్కకట్టిన ధీమంతుని చరిత్రమును మా పిల్లల కిచ్చట విన్నవించుచున్నాము.

జూల్‌గారు 1818వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండునందలి సాల్ఫర్డున, బీరు కాచు వర్తకుని యింట జన్మించెను. బాల్యమున జాన్ డాల్టన్ పండితునియొద్ద గణితము నేర్చెను.

1843లో నీయన చిన్న విద్యుదయస్కాంతమును నీరు నింపిన గాజుగొట్టమునం దుంచి, పెద్ద అయస్కాంతపు ధ్రువముల నడుమ త్రిప్పెను. త్రిప్పుటకు దిగు బరువులను నియోగించెను. బరువులు దిగినకొలది తీగలలో విద్యుత్ప్రవాహము పుట్టెను. దానిచే నీరు వేడెక్కెను. బరువు చేసిన పనికిని పుట్టిన వేడిమికిని గల నిష్పత్తి నాయన కనుగొనెను.

ఆ యేటనే కార్కు నగరపు విద్వత్సభలో దీనిని తెలుపగా పెద్దలు లక్ష్యపెట్టరైరి. అయినను ఆయన అధైర్యపడక, నీటిని చిలుకు చక్రముతో మరల మరల పరీక్షించెను. 1847లో ఆక్స్‌ఫర్డు సభయందు విలియం థామ్సన్ అను యువపండితుడు దీని గొప్పతనమును గుర్తించెను. 772 పౌనుల బరువు ఒక యడుగు దిగినచో, ఒక పౌను నీటి వేడిమి ఫారెన్‌హీటు మానమున ఒక డిగ్రీ హెచ్చునని 1850లో ప్రకటింపబడెను.

ఆయన 1889 అక్టోబరు 11న దివంగతుడయ్యెను. శక్తి నేడు ఆయన పేరిటనే కొలువబడుచున్నది. ఒక కిలో బరువు ఒక మీటరు దిగినచో లభించునది సుమారు 9.8 జూళ్లు మాత్రమే. కావుననే జలవిద్యుత్తునకు విస్తారమైన నీరును, ఎత్తును కావలెను.

బాలబాలికలారా! ఇతరులు చెవియొగ్గకున్నను, సరిగా కొలిచిన సత్యమును విడువకుడు.