చింతచెట్టు క్రింది తాళపత్రములు

బనగానపల్లె పేరు వినగానే చాలమందికి మామిడిపండు జ్ఞాపకమునకు వచ్చును. కడప జిల్లా పల్లెలలోని పెద్దలకు మాత్రము చింతచెట్టు జ్ఞాపకమునకు వచ్చును. సింహాద్రిపురము మొదలుకొని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు వఱకు బ్రహ్మముగారి తత్త్వములు భజనలలో వినబడుచునే యుండును. ఆ తత్త్వముల వెనుక ఆ చెట్టు కథయు ఉండనే యుండును. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తాను వ్రాసిన కాలజ్ఞానపు తాళపత్రములను బనగానపల్లెలో గోయి త్రవ్వి పాతిపెట్టి, పైన చింతమొక్కను నాటెననియు, ఆ మొక్కయే మహావృక్షమైనదనియు సంప్రదాయము. ఆ స్థలమునకు చింతమాను మఠమని పేరు.

మన దేశమున మహనీయుల చరిత్రలు మహిమలతో నిండియుండును. బ్రహ్మముగారి చరిత్రయు అట్టిదే. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. అచ్చటికి వివాదము తీరినది. నా దృష్టి నాకర్షించినది వేఱొకటి. ఈయన జీవితములో సగము దాచుటకును, సగము దాగుటకును సరిపోయినట్లు కనబడును. ఆ దాచిన తీరులో ఎంతో లోకానుభవము గలదు.

సంప్రదాయపు లెక్కను బట్టి ఆయన క్రీ.శ. 1608లో పరిపూర్ణయాచార్యులు, ప్రకృతాంబ యను విశ్వబ్రాహ్మణ దంపతులకు జన్మించెను. పుట్టిన కొలది కాలమునకే తల్లిదండ్రులకు దూరమై, నేటి కర్ణాటకములో నంది కొండల చేరువనున్న పాపఘ్ని మఠమున వీరభోజయాచార్యులు, వీరపాపమాంబల పెంపుడు కుమారుడుగా పెరిగెను. పెంచిన తండ్రి గతించిన పిమ్మట మఠాధిపత్యము తనకు రాగా, దానిని వలదని, తల్లిని ఒప్పించి, ఒంటరిగా దేశాటనమునకు బయలుదేరెను. పీఠముపై కూర్చున్నవాడు పదిమంది కంటబడును. దారిన పోవు బాటసారిని ఎవరును పట్టించుకొనరు.

ఆ కాలపు రాయలసీమను తలచుకొనినగాని ఆయన తరువాత చేసిన పని అర్థము కాదు. 1565లో విజయనగర సైన్యము ఓడిన పిమ్మట ఈ సీమకు నిలుకడగల ప్రభుత్వము లేకపోయెను. పాలెగాండ్ర పోరులు ఒకవైపు, సుల్తానుల దండయాత్రలు మఱొకవైపు. 1650 ప్రాంతమున గోల్కొండ సేనాని మీర్ జుమ్లా జమ్మలమడుగు చేరువనున్న గండికోటను పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే ఆ కోటకే వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. దండు వచ్చుచున్నదన్న మాట చెవిని పడినంతనే గృహస్థుడు నాలుగు నగలను పొయ్యి క్రిందనో, గోడలోనో, పెరటిలోనో దాచును. దోచుకొనువాడు ముందుగా త్రవ్వునదియు ఆ చోటులనే. కొత్తగా పూసిన గోడ తనంతట తానే చాడీ చెప్పును. కదలిన మన్ను రంగు మారి యుండును. మరచిపోకుండుటకై పైన పెట్టిన గుర్తురాయి దొంగకును గుర్తురాయియే. మన ప్రాంతమున లంకెబిందెల కథలు ఇంత విరివిగా వినబడుటకు కారణమిదియే కావచ్చును: దాచినవారు మరణించిరి, దాచినది దొరకలేదు, కథ మాత్రము మిగిలెను.

బ్రహ్మముగారు బనగానపల్లె చేరి, ఒక రాత్రి గరిమిరెడ్డి అచ్చమ్మ యను సంపన్న గృహిణి యింటి అరుగుపై నిదురించెను. ఆ ఊరు నేడు నంద్యాల జిల్లాలో నున్నది. ఉదయమున ఆమె ఎవరవని యడుగగా పని కోరి వచ్చితినని చెప్పి ఆవుల కాపరిగా కుదిరెను. ప్రతిదినము పసులను రవ్వలకొండకు తోలుకొనిపోయి, చేతికఱ్ఱతో వాని చుట్టును గీత గీసి, తాను కొండగుహలో కూర్చుండెడివాడు. ఆవులు గీత దాటెడివి కావు. కాపరి తాటాకులపై వ్రాసికొనుచుండెడివాడు. గంటమునకు బదులు ముల్లుతో వ్రాసెనని కూడ చెప్పుదురు.

ఇచ్చట ఒక్క మాట చెప్పి ముందునకు పోయెదను. రవ్వ యనగా వజ్రము. ఆ సీమలో నిజముగనే వజ్రములు దొరకెడివి; బనగానపల్లె పేరిట భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు శిలాస్తరములలోని గులకరాళ్ళ పొరలే వానికి ఆకరములు. సానపట్టని వజ్రము గులకరాళ్ళ నడుమ పడియున్న గులకరాయివలెనే యుండును. వెదకువాడు దానిపై కాలు పెట్టియు ముందునకు నడచిపోవును. తాళము, పెట్టె, కావలివాడు లేకయే ప్రకృతి తన ధనమును అట్లు కాపాడుకొనును. ఆ కొండపై పసులను కాచినవాడు ఆ పాఠము నేర్వకుండునా?

కాపరి గుహలో ఏమి చేయుచున్నాడో చూడవలెనని అచ్చమ్మ ఒకనాడు వెంబడించి, అతడు ధ్యానముతో వ్రాయుచుండుట గాంచి విస్మితురాలయ్యెను. యజమానురాలు నాటినుండి శిష్యురాలయ్యెను. యాగంటి చేరువ కొండలలో ఆయన ఆమెకు తత్త్వబోధ చేసెనని చెప్పుదురు. గుట్టు బయటపడిన పిమ్మట జనులు మూగిరి. రహస్యముగా వ్రాసికొనుటకు ఇక ఆ ఊరిలో వీలులేకపోయెను. అప్పుడు ఆయన తాను వ్రాసినదానినెల్ల ఊరిలోనే గోతిలో నుంచి, మన్ను కప్పి, చింతమొక్క నాటెనని కథ. ఆ గ్రంథముల సంఖ్య 14,000 అని సంప్రదాయము చెప్పును.

చింతమొక్కనే ఏల నాటవలెను? రావియో మఱ్ఱియో నాటినచో పూజలకై జనులు చేరుదురు, రచ్చబండ కట్టుదురు, పునాదికి త్రవ్వుదురు. సంపెంగ నాటినచో ఈ ఎండ సీమలో అది వింతయగును. చింతచెట్టు రాయలసీమలో లేని ఊరు లేదు. కావున దానిని ఎవరును తేఱిపార చూడరు. మెల్లగా పెరుగును, వందల యేండ్లు బ్రతుకును, కఱవులకు తాళును. దట్టమైన నీడలో పైరు సరిగా పండదు గనుక దాని మొదట నాగలి సాగదు. రాత్రివేళ చింతచెట్టు క్రింద పండుకొనరాదన్న భయము మన పల్లెలలో అనాదిగా నున్నది. ఇంతకంటె జీతము లేని కావలివాడు ఎచ్చట దొరకును? పైగా త్రవ్విన మన్ను గుర్తు కూడ చెట్టు నాటుటచే సహజమైపోవును. మొక్క నాటినచోట మన్ను కదలియుండుట చూచి ఎవడును అనుమానింపడు.

ఈ దాచెడి విద్య మన కాలమున ఒక వినోదముగా మారినది. 2000 మే 2వ తేదీన అమెరికా ప్రభుత్వము ఉపగ్రహ సంకేతములలో తాను బుద్ధిపూర్వకముగా పెట్టిన దోషమును తొలగించెను. మఱునాడే ఆరెగాన్ రాష్ట్రపు అడవిలో డేవ్ అల్మర్ అను నాతడు ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశములను ప్రకటించి, వెదకుడని ఆహ్వానించెను. దీనికే జియోకాషింగ్ అని పేరు వచ్చినది. నేడు ప్రపంచమంతట జనులు డబ్బాలకు చెట్టుబెరడు అంటించియు, రాతిరంగు పూసియు, బోలుకఱ్ఱలో దూర్చియు దాచుచున్నారు. చూచువాని కంటికి అది బెరడుగా, రాయిగా, పుల్లగా తోచవలెను. ఆ ఆటలో స్థలయజమాని అనుమతి లేక నేలను త్రవ్వి పాతిపెట్టరాదను నియమము కూడ కలదు. బ్రహ్మముగారి పద్ధతి ఆ నియమమునకు నిలువదు. వారు దొరకవలెనని దాచుదురు. ఆయన దాచిన చోటు మాత్రము లోకమునకు తెలియును, అయినను తీయువాడు లేడు. తీయవలెనన్న చెట్టును కూల్చవలెను. దానిని కూల్చుటకు చేయి ఎవరికి వచ్చును? ఊరికి కీడు రానున్నప్పుడు రాత్రికి రాత్రే దాని పూలు రాలునని, దాని కాయలు లోపల నల్లగా నుండి తినుటకు పనికిరావని జనులు చెప్పుకొందురు. ఆ మాటలే కంచెయైనవి.

బనగానపల్లె వదలి ఆయన నేటి కడప జిల్లాలోని కందిమల్లయపల్లె చేరెను. ఆ ఊరే నేటి బ్రహ్మంగారి మఠము. అచ్చటను మొదట తన్ను తాను బయటపెట్టుకొనక వడ్రంగముతో జీవించెను. నాగళ్ళు చెక్కు వడ్రంగిలో ద్రష్టను ఎవరు చూతురు? పోలేరమ్మ జాతరకు చందా అడుగవచ్చిన ఊరివారి యెదుట ఆ గ్రామదేవతనే పిలిచి చుట్టకు నిప్పు తెప్పించుకొన్న కథ పిల్లలకు సైతము తెలిసినదే. ఆ కథతో ఆయన ముసుగు తొలగినది. పెద్దకొమెర్ల శివకోటయ్య కుమార్తె గోవిందమ్మను వివాహమాడి, బిడ్డలను గని, గృహస్థుడుగనే గురువయ్యెను. ముడుమాలకు చెందిన దూదేకుల యువకుడు సిద్దయ్య, మాదిగ కులమున పుట్టిన కక్కయ్య ఆయన శిష్యులైరి. పదునేడవ శతాబ్దమున ఇది సామాన్యమైన విషయము కాదు. కుమారుడు హిందూ గురువును చేరెనని సిద్దయ్య బంధువులు మొఱపెట్టగా, కడప నవాబు అతనిని పిలిపించి పరీక్షించెననియు, సిద్దయ్య సలాముచేయగా బండరాయి పగిలెననియు కథ. బండ మాట ఎట్లున్నను, కులమతముల గోడ పగిలిన మాట నిజము.

ఇక తాళపత్రముల సంగతి. తాటాకును పదును పెట్టి, పసుపు, నూనెలు పూసి, అటకపై భద్రముగా నుంచినను మూడు నాలుగు వందల యేండ్లు నిలుచుట గగనము. తేమ తగులు నేలలో చెదలు, వేళ్ళు దానిని ఎన్నడో మన్ను చేసియుండును. 1947లో మృతసముద్ర తీరపు గుహలలో దొరకిన తోలు గ్రంథములు రెండువేల యేండ్లు నిలిచినవన్న, అచ్చటి పొడిగాలియు మట్టికుండలును కారణము. తాళ్ళపాక అన్నమయ్య సంకీర్తనములు నిలిచినవన్న, కుమారుడు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని రాతి అఱలో భద్రపఱచుట చేతను, 1922లో అవి బయటికి వచ్చుట చేతను. రేకు ఎదుట నున్నది గనుక పాఠము తప్పనువానికి రేకును చూపవచ్చును. కాలజ్ఞానమునకు అట్టి సాక్షి లేదు. మూలము చెట్టు క్రింద నున్నది. పైన నోటినుండి నోటికి, అచ్చునుండి అచ్చునకు పెరుగుచున్నది. ఏదేని వింత జరిగినంతనే దానిని ముందే చెప్పిన చరణము ఒకటి పుట్టుకొనివచ్చును. 1984లో నందమూరి తారకరామారావు నటించి నిర్మించిన చలనచిత్రము ఆయన పేరును ఇంటింటికి చేర్చినది. దానితోపాటు ఈ చేర్పులకును బలము పెరిగినది. పాఠశాలలో పిల్లలు ఇది నిజమా యని అడిగినపుడు ఉపాధ్యాయుడు చెప్పదగినది ఒక్కటియే: బ్రహ్మముగారి పేరిట వినబడునదెల్ల బ్రహ్మముగారిది కాదు, ఏది ఆయనదో తేల్చగల పత్రము మనయెదుట లేదు. దొంగకు దొరకకుండ దాచిన చెట్టే పరిశోధకునికిని అడ్డము నిలిచినది. ఆయన తత్త్వములు పాటలై నిలుచుటకు మాత్రము ఏ గోయియు అక్కఱలేకపోయెను.

1693లో వైశాఖ శుద్ధ దశమినాడు ఆయన సజీవసమాధి ప్రవేశించెనని సంప్రదాయము. ఆ దినమునను ఆయన మఱుగు పాటింపక మానలేదు. సిద్దయ్య ఎదుట నున్నచో సమాధిని మూయనీయడని ఎఱిగి, పూజకు పూలు తెమ్మని అతనిని బనగానపల్లెకు పంపెను. గ్రంథములు దాచిన ఊరికే శిష్యుని పంపుట గమనింపదగినది. సిద్దయ్య పూలతో పరుగుపరుగున తిరిగివచ్చునప్పటికి గురువు లోపలికి పోయెను, పైన బండ మూతపడెను. అతడు తల మోదుకొని ఏడ్వగా గురువు మఱల దర్శనమిచ్చి, బోధించి, తన దండమును, పాదుకలను, ముద్రికను అప్పగించెనని భక్తులు చెప్పుదురు. సిద్దయ్య వానిని తలకెత్తుకొని ముడుమాల దారి పట్టెను.