స్ప్రూ మీద పగ తీర్చుకున్న మన సుబ్బారావు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు మింగేసింది. అదే జబ్బు ఆయన్నీ పట్టింది. ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. మద్రాసులో ఖద్దరు వేసుకుని ప్రొఫెసర్ కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తోనే సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత బోస్టన్ చేరారు.

హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. ఆయన నడిపిన పరిశోధనలోనే డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది.

స్ప్రూ వస్తే చిన్నపేగులోని చూషకాలు దెబ్బతింటాయి, తిన్నది ఒంటికి పట్టదు. టెట్రాసైక్లిన్ అక్కడ పెరిగిపోయిన క్రిముల పని పడుతుంది, ఫోలిక్ యాసిడ్ కొత్త కణాలు పుట్టడానికి సాయపడుతుంది. ఇప్పటికీ వైద్యం ఈ జంటతోనే. కాకపోతే యాంటీబయోటిక్‌కి మంచీ చెడూ తెలియదు. పేగు గోడలోని రక్షణ కణాలకు తర్ఫీదిచ్చే మంచి బాక్టీరియానీ చంపేస్తుంది. అందుకే జలుబుకల్లా మింగే మందు కాదది.

1948లో ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. అన్నదమ్ములకు అందని మందు మాత్రం మనందరికీ అందింది.