ఎమ్డెన్ కెప్టెన్

మాది వీర్నపల్లి. మాకు సముద్రం అంటే సినిమాల్లో చూసిందే. అట్లాంటి నన్ను ఒక జర్మన్ నౌకాధికారి కథ పట్టుకుని వదల్లేదు. పేరు కార్ల్ ఫాన్ ముల్లర్.

1873లో హానోవర్‌లో పుట్టాడు. మితభాషి. తూర్పు ఆఫ్రికాలో పట్టుకున్న మలేరియా ఆయన్ని చివరిదాకా వేధించింది. 1914లో ఎమ్డెన్ అనే ఒక్క ఓడతో మన సముద్రంలోకి వచ్చి ఇరవైకి పైగా నౌకల్ని పట్టుకున్నాడు. బ్రిటిష్ ఓడలా కనబడాలని మూడు పొగగొట్టాల పక్కన నాలుగోది డమ్మీ పెట్టాడు (మన మెకానికల్ వాళ్లు గమనించాలి!). వర్తక ఓడల్ని ముంచేముందు మనుషుల్ని దింపేవాడు. శత్రువులు కూడా మర్యాదస్తుడని మెచ్చుకున్నారు.

కానీ సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద వందకు పైగా గుండ్లు పేల్చాడు. అప్పుడు ఆంధ్ర జిల్లాలకూ అదే రాజధాని. నూనె ట్యాంకులు తగలబడ్డాయి, కొందరు చచ్చిపోయారు కూడా. ఆ మర్యాద వాళ్లకేం పనికొచ్చింది? నాకిది మింగుడు పడలేదు.

నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ ఎమ్డెన్‌ని చిత్తు చేసింది. ఓడ మునిగేలోపు దాన్ని దిబ్బకెక్కించాడు. అయినా 130 మందికి పైగా పోయారు. తర్వాత మాల్టాలో, ఇంగ్లండ్‌లో ఖైదు. 1917లో సొరంగంలోంచి పారిపోయి దొరికిపోయాడు.

యుద్ధం ముగిశాక బ్రన్స్‌విక్ శాసనసభకు ఎన్నికయ్యాడు. అనుభవాలు పుస్తకంగా రాయమంటే ఒప్పుకోలేదు. తనవాళ్ల నెత్తుటితో సొమ్ము చేసుకున్నట్టవుతుందని ఆయన బాధ. 1923 మార్చి 11న, యాభై నిండకుండానే చనిపోయాడు.