హారియెట్ పవర్స్: గుడ్డ ముక్కలతో చరిత్ర రాసిన తల్లి

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ పట్టణం దగ్గర 1837 అక్టోబర్ 29న హారియెట్ పవర్స్ బానిసగా పుట్టారు. బానిసత్వం రద్దయ్యే నాటికి ఆమెకు 28 ఏళ్లు. తొమ్మిది మంది పిల్లల తల్లి. భర్త ఆర్మ్‌స్టెడ్‌తో కలిసి కష్టపడి నాలుగెకరాల భూమి సంపాదించుకున్నారు.

ఆమె బొంతలు కుట్టారు. కానీ అవి కప్పుకునే బొంతలు మాత్రమే కావు. మనిషి, పాము, చేప, సూర్యుడు, ఇలా ఒక్కో బొమ్మనూ గుడ్డలోంచి కత్తిరించి, మరో రంగు గుడ్డ మీద పరిచి, కొంత చేత్తో, కొంత మిషన్ మీద కుట్టారు. పశ్చిమాఫ్రికాలోని దహోమీ, అంటే నేటి బెనిన్ గుడ్డబొమ్మల పనితో పరిశోధకులు దీన్ని పోల్చారు.

1886లో ఏథెన్స్ పత్తి ప్రదర్శనలో ఆమె బైబిల్ బొంతను జెన్నీ స్మిత్ అనే తెల్లజాతి చిత్రకళా టీచర్ చూశారు. కొంటానంటే హారియెట్ అమ్మనన్నారు. కొన్నేళ్లకు ఇల్లు గడవడం కష్టమైంది. పది డాలర్లు అడిగితే స్మిత్ ఐదే ఇస్తానన్నారు. భర్త నచ్చజెప్పాక హారియెట్ ఒప్పుకున్నారు. ఆ తర్వాత కూడా తన బొంతను చూసుకోవడానికి ఆ ఇంటికి వెళ్లి వచ్చేవారు. ఒక్కో బొమ్మ అర్థం ఆమె చెబితే, స్మిత్ రాసిపెట్టుకున్నారు.

మరో బొంతలో 15 గడులున్నాయి. యోబు, మోషే, యోనాల పక్కనే 1780లో పట్టపగలు కమ్మిన చీకటి, 1833 నాటి ఉల్కల వాన కనిపిస్తాయి. రెండూ ఆమె పుట్టకముందు జరిగినవే. జనం నోట నిలిచిన జ్ఞాపకానికి ఆమె గుడ్డ మీద చోటిచ్చారు.

1910 జనవరి 1న ఆమె చనిపోయారు. చాలాకాలం పాటు ఆమెను చదువురాని మనిషిగానే చెప్పుకొచ్చారు. 1896లో ఆమె రాసిన ఉత్తరం నకలు 2009లో వెలుగులోకి వచ్చాక, ఆమెకు చదవడం, రాయడం వచ్చని తెలిసింది. సమాధి ఎక్కడుందో కూడా 2005 దాకా ఎవరికీ గుర్తులేదు.

నేడు ఒక బొంత వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌లో, రెండోది బోస్టన్ మ్యూజియంలో ఉన్నాయి. పనితనాన్ని దాచుకుని, పనిచేసిన మనిషిని మరిచిపోవడం మన దగ్గరా మామూలే. అందుకే మేము తోటి విద్యార్థులను కోరేదొకటే: మన వాడల్లో చేతిపని చేసే అమ్మల పేర్లు, వాళ్లకు దక్కిన ధర, తమ పని గురించి వాళ్లు చెప్పే అర్థం, వాళ్లు బతికుండగానే రాసిపెడదాం.